తొమ్మిదో మూకుడు

విత్తన పరీక్ష విభాగంలో నేను ముప్పై నాలుగు సంవత్సరాలు పనిచేశాను. నాలుగు వందల గింజలను తడి కాగితాల మీద పరచడం, నిర్ణీత దినాన వాటిని లెక్కించడం, పట్టిక నింపి సంతకం చేయడం నా పని. పట్టికలో మూడు గడులుండేవి: మొలిచినవి, మొలవనివి, వంకరగా మొలిచినవి. మూడో గడి నింపేటప్పుడు నా చెయ్యి కాస్త నెమ్మదించేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పి ఉండేదాన్ని కాదు.

కిందటి నెల కుప్పం నుంచి మదనపల్లెకు వచ్చినప్పుడు, మా తమ్ముడితో కలిసి అంగళ్లు దారిలో ఉన్న ఒక నర్సరీకి వెళ్ళాను. తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. టమాటా నారు కోసం వెళ్ళాం. వల నీడలో ట్రేలు వరుసలుగా ఉన్నాయి. తలుపు పక్కనున్న ఒక్క ట్రేలో మాత్రం మొక్కలన్నీ ఎవరో చేత్తో దువ్వినట్టు ఒకే దిక్కుకు వాలి ఉన్నాయి. నర్సరీ ఆయన దాన్ని ఎత్తి అటుదిటు తిప్పి పెట్టాడు.

"ఎలుతురు యాడుంటే ఆడికి వాలతాయమ్మా. దినమూ తిప్పాల. రెండు దినాలు మర్సిపోయినా."

ఇది నాకు తెలియని సంగతి కాదు. అయినా ఆ ట్రే ముందు నిలబడలేకపోయాను. పక్కనున్న కొబ్బరిపొట్టు సంచి మీద కూర్చున్నాను.

"ఏమక్కా, ఎండ తగిలిందా?" అన్నాడు తమ్ముడు.

తగిలిందన్నాను. అతడు నీళ్ళసీసా చేతికిచ్చి, పక్కనే గొంతుక్కూర్చుని, చాలా రోజులుగా దాచుకున్నట్టున్న మాట బయటపెట్టాడు.

"మా పెద్దోడికి ఇరవైరెండేండ్లు వచ్చినాయి. వచ్చే నెల వానికి కంకణం కట్టి గుడి పూజ ఇచ్చేద్దామనుకుంటాండాను. మొలకల గది సూసుకొనేదానికి ఇంట్లో పెద్ద ఆడమనిషి ఉండాల. అవ్వ లేదు, అమ్మ లేదు. ఇంగ నువ్వే కదక్కా."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో ఇక్కడ రాస్తున్నాను. తేదీలు నా దగ్గర ఉన్నాయి, పేర్లూ ఉన్నాయి. మా వంశంవాళ్ళు ఇంకా ఆ గుడిలోనే ఉన్నారు కనుక అవి రాయను. అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఇస్తాను.

మా ఊరు పుంగనూరు నుంచి సదుం వెళ్ళే దారిలో ఉంటుంది. ఊరికి ఉత్తరంగా అమ్మవారి గుడి. సేద్యం చేసుకునే మా ఇంటివాళ్ళకే తరతరాలుగా ఆ గుడి పూజ. నాకు పదో ఏడు నడుస్తున్నప్పుడు తాతకు చేతులు వణకడం మొదలైంది. హారతి పళ్ళెంలోని గంట, ఆయన మోగించకుండానే మోగేది. పెద్దకొడుకు మా నాయన. ఆయనకు ఎడమ చేతి చిటికెనవేలు చెరకు గానుగలో పోయింది. శరీరంలో లోపమున్న మనిషి గర్భగుడి గడప దాటకూడదు. కాబట్టి పూజ చిన్నాయనకు రావాలి. ఆయనకు పెళ్ళయి అప్పటికి ఏడు నెలలు.

పూజారిని చేయడానికి తొమ్మిది దినాలు పట్టేది. మొదటి దినం తాత పసుపుదారం కంకణం కట్టి చిన్నాయనను గుడి ముందరి మంటపంలో వదిలి వచ్చాడు. అప్పటి నుంచి ఆయనను ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన ఎవరి నీడా తొక్కకూడదు. దినానికి ఒక్క పూట, కొత్త కుండలో తానే ఉప్పులేని పెసరపప్పు అన్నం వండుకోవాలి. పూజా ద్రవ్యాల మీద తన ఊపిరి పడకుండా మూతికి గుడ్డ కట్టుకోవాలి. ఎప్పుడూ పరాచికాలాడే మనిషి, మంటపంలో నుంచి గుడ్డకు పైన రెండు కళ్ళతో నా వైపు చూస్తే, అవి ఎవరివో అనిపించి నేను ఇంటికి పరుగెత్తాను.

అదే దినం ఇంట్లో మొలకలు వేశారు. తొమ్మిది మూకుళ్ళలో పుట్టమన్ను, ఎండిన పేడపొడి కలిపి, నానబెట్టిన నవధాన్యాలు చల్లి, ఇంటి వెనక గింజలు దాచే కొట్టిడి గదిలో పెట్టారు. ఎనిమిది మూకుళ్ళు ఒక వరుసగా. తొమ్మిదోది అమ్మవారిది; దాన్ని వేరుగా, వడ్ల గాదె చాటున ఉంచారు. కొట్టిడికి కిటికీ లేదు. దక్షిణపు గోడలో నా పిడికిలంత కన్నం ఒకటి ఉంటే, అవ్వ దానికి పాతగుడ్డ ఉండచుట్టి కుక్కింది. తొమ్మిదో దినం తాత దీపం పట్టుకుని లోపలికి పోయేదాకా ఆ మొలకలను ఏ కన్నూ చూడకూడదు. తెల్లవారుజామున అవ్వ తడిచీరతో, మూతికి గుడ్డతో, దీపం లేకుండా పోయి చేత్తో తడుముకుంటూ నీళ్ళు చిలకరించి వచ్చేది. నీళ్ళ చెంబు గడప దాకా తెచ్చే పని నాది.

"అవ్వా, సూస్తే ఏమయితాది?" అని అడిగాను.

"సూసిన కంటికేమీ కాదు. ఇంట్లో ఇంగొకరి మీద పడతాది. నోరు మూసుకొని చెంబు దించు."

ఆ తొమ్మిది దినాలు ఇంట్లో తాలింపు లేదు. ఉల్లిపాయ లేదు. రాగిసంకటిలోకి చప్పటి పప్పు తప్ప మరేమీ లేదు. ఇల్లంతా కొత్తకుండల మట్టివాసన, సాంబ్రాణి పొగ. చిన్నాయన పెళ్ళాం, నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని, నాకంటే ఎనిమిదేళ్ళే పెద్ద; ఇద్దరం పశువుల కొట్టం వెనక చేరి పచ్చి శెనక్కాయలు నమిలేవాళ్ళం. ఒకసారి అవ్వకు దొరికిపోయాం.

"తొమ్మిది దినాలు తాలింపు లేకపోతే సచ్చిపోతారామ్మే? అది సరే, చిన్నపిల్ల. నీ మొగుడు ఆడ ఉప్పులేని కూడు తింటాండాడే, నీకు గొంతు ఎట్ల దిగతాదమ్మా?"

చిన్నమ్మ నమిలినది మింగలేక నిలబడింది. ఆమె అప్పటికి మూడో నెల గర్భిణి అని తరవాత తెలిసింది.

ఇప్పుడు నా తప్పు. బడిలో అయ్యవారు ఆ నెలలోనే మా చేత కొబ్బరిచిప్పల్లో అనపగింజలు నాటించి, దినదినమూ స్కేలుతో కొలిపించి, నోటుబుక్కులో పట్టిక వేయించాడు. అంకెలు దినదినమూ పెరుగుతూ పోవడం నాకు సంకటికంటే రుచిగా ఉండేది. అమ్మవారి గింజలు ఆ గింజలకంటే తొందరగా పెరుగుతాయా? ఆ ఒక్క అంకె తెలియాలి. మూడో దినం మధ్యాహ్నం అవ్వ కునుకు తీస్తుంటే ఇంటి వెనకకు పోయి, రాయెక్కి, పుల్లతో గుడ్డ ఉండ లాగి, కన్నంలో కన్ను పెట్టాను. ఎనిమిది మూకుళ్ళూ కనబడ్డాయి. తొమ్మిదోది గాదె చాటున ఉంది గనక కనబడలేదు. లెక్క రాసుకుని ఉండ మళ్ళీ కుక్కాను. నాలుగో దినమూ అంతే. గట్టిగా కుక్కితే లాగడానికి చాలా సేపు పడుతోందని, ఐదో దినం వదులుగా పెట్టాను. పైన ఒక వేలు మందం సందు మిగిలింది. ఐదో దినం నుంచి తొమ్మిదో దినం దాకా ఆ సందు అలాగే ఉంది.

తొమ్మిదో దినం ఉదయం చిన్నాయన తడిబట్టలతో ఇంటికి వచ్చి కొట్టిడి ముందర నిలబడ్డాడు. ఊరిపెద్ద కూడా ఉన్నాడు. అవ్వ గొళ్ళెం తీసింది. తాత వణుకుతున్న చేత్తో దీపం పట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు. నేను అవ్వ చీర పక్క నుంచి తొంగిచూశాను.

ఎనిమిది మూకుళ్ళలో మొలకలన్నీ దక్షిణానికి వాలి ఉన్నాయి. దక్షిణం యముడి దిక్కు. కన్నానికి దగ్గరున్న మూకుట్లో బాగా, దూరమయ్యేకొద్దీ తక్కువగా. నాకు అప్పుడే అర్థమైంది; బడిలో మా అనపమొక్కలు తలుపు వైపు వాలినప్పుడు అయ్యవారు కారణం చెప్పాడు. అది నా సందు. తాత గాదె చాటుకు దీపం తిప్పాడు. ఆ సందులోంచి వెలుతురు పోవడానికి వీల్లేని మూల అది. ఆ తొమ్మిదో మూకుడు కూడా దక్షిణానికే వాలి ఉంది.

దీపం వత్తి చిటపటలాడడం వినిపించింది. చివరకు ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"అప్పా, నువ్వు పెద్దోడివి, నీకు నేను చెప్పాల్నా? మొలక దక్షిణానికి తిరిగితే, పూజకు చేయిపెట్టినోనికి ఏడాది తిరగదంటారు. ఇప్పుడైనా కంకణం తీసి గడప మీద పెడితే సరిపోతాది. పూజ సదుం దాయాదులకు పోతాది, అంతే కదా. మనిషైతే ఉంటాడు."

తాత కొడుకు వైపు తిరిగాడు. "నీ ఇష్టం నాయనా. నేను పొమ్మనను, వద్దనను."

చిన్నాయన మూతికి గుడ్డ ఉంది. దాని వెనక నుంచి మాట మెల్లగా వచ్చింది. "తొమ్మిది దినాలు ఆమె పేరు చెప్పుకొని తిన్యాను. ఇప్పుడు వాకిట్లోకొచ్చి రానంటే ఎట్ల?"

చిన్నమ్మ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. నేను నోరు తెరవలేదు. తెరిస్తే మొలకలను కన్ను చూసిందని తెలుస్తుంది, తొమ్మిది దినాల దీక్షా చెడుతుంది. మూస్తే చిన్నాయన చావుకు సిద్ధపడి గుడిలోకి పోతాడు. పదేళ్ళ పిల్లకు ఆ రెండింటిలో ఏది పెద్దదో తేల్చుకునే శక్తి లేదు. మూసుకున్నాను.

ఎనిమిది మూకుళ్ళను ఎనిమిదిమంది ముత్తైదువలు ఎత్తుకున్నారు. తొమ్మిదోది కొత్త పూజారే రెండు చేతులా పట్టుకుని నడవాలి. అందరికంటే ముందు ఆయన, చివరన నేను. ఆయన వీపు మాత్రమే నాకు కనబడింది; కళ్ళు గుడి మీదే ఉన్నాయనుకున్నాను. భయం ఆపుకోవడానికి అడుగులు లెక్కపెట్టాను. మా గడప నుంచి గుడి గడపకు ఆయన అడుగులు మూడు వందల పన్నెండు.

ఆ సాయంత్రం నోటుబుక్కులో ఒక్కో మూకుడు ఎంత వాలిందో జ్ఞాపకం మీద రాశాను. ఎనిమిది గడులు నింపాను. తొమ్మిదో గడి దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

మరుసటి దినం మూడు వందల అరవై ఐదు చింతపిక్కలు లెక్కపెట్టి ఒక డబ్బాలో పోసి, గాదె కింద దాచాను. దినానికొకటి తీసి బావిలో వేసేదాన్ని. పిక్క నీళ్ళలో పడిన చప్పుడు వినేదాకా ఆ దినం గడిచినట్టు నాకు నమ్మకం ఉండేది కాదు. చిన్నాయన దగ్గితే నాకు అన్నం దిగేది కాదు. ఆయన గుడికి పోతుంటే దారిలో రాళ్ళు ఏరేదాన్ని. "ఏమే పాపా, నన్ను పెండ్లికొడుకును సేస్తాండావా, దారి ఊడ్సి?" అని ఆయన నవ్వేవాడు. ఆయన నవ్విన దినాల్లో నాకు భయం మరీ ఎక్కువయ్యేది. చిన్నమ్మ కడుపు పెరుగుతూ వచ్చింది. ఆమె తనలో తాను వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకోవడం చూశాను. ఆమెకూ ఒక లెక్క ఉంది.

నూట నలభై ఆరో పిక్క నాటికి చిన్నాయనకు జ్వరం వచ్చింది. మూడు దినాలకు తగ్గలేదు. ఐదో దినం నాలుక తెల్లబారింది, మాట ముద్దగా వచ్చింది. గుడి తలుపు తాతే పోయి తీశాడు. మా నాయన మదనపల్లె ఆసుపత్రికి పోదామని మంచం పక్కన కూర్చుని బతిమాలాడు.

"యాలన్నా? చెప్పినట్టే వస్తాండాది. ఆమె పిలిస్తే దారిలో సూది మందు ఏసుకొని ఆపేదేంది?"

"నీ పెండ్లాన్ని సూడరా. ఎనిమిదో నెల."

"సూస్తానే ఉండాను."

అంతే. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయనను జ్వరం చంపడం లేదు, ఒప్పుకోవడం చంపుతోంది. ఆ ఒప్పుకోలుకు మూలం నేను మూయకుండా వదిలిన వేలు మందం సందు.

జ్వరం వచ్చిన తొమ్మిదో దినాన, మధ్యాహ్నం, మంచం దగ్గర ఎవరూ లేనప్పుడు నోటుబుక్కు తీసుకుని పోయాను. చెప్పడానికి మాటలు రాలేదు. పట్టిక తెరిచి చదవడం మొదలుపెట్టాను. మొదటి మూకుడు, కన్నానికి మూరెడు దూరం, ఇంత వాలు. రెండో మూకుడు, ఇంత. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏంది చదువుతాండావు?"

"నేను సూసినా సిన్నాయనా. కన్నంలోనుంచి. గుడ్డ సరిగా కుక్కలే. ఎలుతురు పడి ఆ పక్కకి వాలినాయి. అమ్మ పిలవలే నిన్ను. దగ్గరుండేది ఎక్కువ వాలింది, దూరముండేది తక్కువ. సూడు, రాసిపెట్టినా."

ఎనిమిది అంకెలూ విన్నాడు. మొలకలను కన్ను చూసిందంటే తన దీక్ష చెల్లలేదనీ, ఐదు నెలలుగా తాను చేసిన పూజ పూజ కాదనీ ఆయనకు అర్థమవుతున్నదని నాకు తెలిసింది. ఏడుస్తాడనుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను.

"తొమ్మిదోది ఎట్లుండె?" అన్నాడు.

నా ఎదుట ఖాళీ గడి ఉంది.

"నిలువుగా ఉండె సిన్నాయనా. ఆడికి ఎలుతురు పోదు కదా. అందుకే నిలువుగా ఉండె."

ఆయన నా ముఖం వైపు చూశాడు. జ్వరంతో ఎర్రబారిన ఆ కళ్ళు ఎంతసేపు నా మీద ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు. జీవితంలో నేను లెక్కపెట్టకుండా వదిలిన కాలం అదొక్కటే.

"మీ నాయన్ను పిలువు పాపా. బండి కట్టమను."

పుంగనూరు దాకా ఎద్దులబండి, అక్కడి నుంచి మదనపల్లెకు బస్సు. టైఫాయిడ్ అన్నారు. పద్దెనిమిది దినాలు ఉంచి పంపారు. వచ్చిన వారానికి మా తమ్ముడు పుట్టాడు. చివరి చింతపిక్క బావిలో పడిన ఉదయం చిన్నాయన ఎప్పటిలాగే గుడి తలుపు తీశాడు. ఏడాది తిరిగిందని తాత ఊరిపెద్దకు కబురు పంపాడు. ఆయన కొబ్బరికాయ తెచ్చి కొట్టి పోయాడు. కన్నం సంగతి చిన్నాయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఒక్క తేడా మాత్రం నాకు కనబడింది. అందరికీ తీర్థం ఇచ్చి, చివర తాను పుచ్చుకోవడం పూజారి మర్యాద. జ్వరం నుంచి లేచిన తరవాత ఆయన అందరికీ ఇచ్చేవాడు, తాను పుచ్చుకునేవాడు కాదు. చెంబులో మిగిలిన నీళ్ళు వేపచెట్టు మొదట్లో పోసేవాడు. నలభై మూడు సంవత్సరాలు. సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా చూసేదాన్ని. దీక్ష చెడిన పూజారి కనుక ఆ అర్హత వదులుకున్నాడనీ, దానికి కారణం నా కన్నేననీ అనుకుంటూ తల దించుకునేదాన్ని.

నర్సరీలో, కొబ్బరిపొట్టు సంచి మీద, తమ్ముడు నా జవాబు కోసం చూస్తున్నాడు.

"నీకేం భయం లేదక్కా. నాకు కంకణం కట్టేదానికి ముందే నాయన అన్నీ నేర్పించినాడు, నేను చెప్తాను. ముఖ్యంగా తొమ్మిదో మూకుడు పట్టుకొనేది. దినమూ ఇంట్లో ఒట్టి మూకుడిచ్చి నడిపించేవాడు నన్ను."

"ఎట్ల పట్టుకోవాల?"

"రొమ్ముకు ఎదురుగా, ఈ ఎత్తున. తల ఎత్తకూడదు. మొలకనే సూస్తా నడవాల, రెప్ప కూడా వేయకూడదన్నంత. గుడి గడప దాకా దాని మీద నుంచి కన్ను తీస్తే నడక సెల్లదు. మూడువందల పన్నెండు అడుగులు. అది కూడా లెక్కపెట్టి చెప్పినాడు."

నీళ్ళసీసా కింద పెట్టాను. నేను చూసింది ఆయన వీపు మాత్రమే. ఆయన మూడు వందల పన్నెండు అడుగులు ఆ మూకుడును చూస్తూనే నడిచాడు. అది ఎటు వాలి ఉందో ఆ ఊళ్ళో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. నన్ను అడిగింది తెలియక కాదు. నేను అబద్ధం చెప్తున్నానని తెలిసే విని, బండి కట్టమన్నాడు.

"నాయన తీర్థం తాగేవాడు కాదు, సూసినావా అక్కా?" అన్నాడు తమ్ముడు. "ఒకసారి అడిగినా. 'ఆమె ఇస్తాననలే, నేను అడగలే. ఇయ్యాల తలుపు తీసినా, అంతే సాలు' అన్నాడు. నాకేం అర్థం కాలే."

దీక్ష చెల్లలేదనీ, తొమ్మిదో మొలక దక్షిణానికే వాలిందనీ తెలిసి, నలభై మూడు సంవత్సరాలు ప్రతి ఉదయమూ ఆయన ఆ తలుపు ఏ ధైర్యంతో తీసి ఉంటాడు? ఎనిమిది మూకుళ్ళకు నేను కారణం ఇచ్చాను. తొమ్మిదోదానికి ఎవరూ ఇవ్వలేదు. అవ్వ చీకట్లో ఒకే పక్కనుంచి నీళ్ళు చిలకరించడంతో మొలక ఒరిగి ఉండవచ్చు. గాదె కదిలి ఉండవచ్చు. నా చదువుకు తోచేవి ఇవే. ఇప్పుడు ఏదీ నిరూపించలేను.

కుప్పం చేరిన మరుసటి దినం పాత పెట్టె తెరిచి ఆ నోటుబుక్కు తీశాను. కాగితం పసుపు పచ్చబడింది గానీ పెన్సిలు గీతలు చెక్కుచెదరలేదు. ఖాళీగా ఉన్న తొమ్మిదో గడిలో 'దక్షిణం' అని రాశాను. తమ్ముడికి ఫోన్ చేసి వస్తానన్నాను. కొట్టిడి కన్నం మూయడానికి బంకమన్ను తెప్పించమన్నాను, దాన్ని నా చేతులతోనే మూస్తానన్నాను.

"అంతేనా అక్కా? ఇంగేమన్నా కావాల్నా?"

మొలక మళ్ళీ దక్షిణానికి వాలితే ఏం చేస్తావని అడగవలసి ఉంది, అడగలేదు. తొమ్మిదో దినం ఉదయం గొళ్ళెం తీసేది నేను. గడప ముందర తడిబట్టలతో నిలబడేది ఇరవై రెండేళ్ళ పిల్లవాడు. గాదె చాటుకు దీపం తిరిగినప్పుడు, వాడు నా వైపు చూసి, అది ఎట్లుందని అడిగితే, ఈసారి నేను ఉన్నది చెప్పాలి.